గా సీను ఏమైంది? రిక్షా మైకు నుంచి యూట్యూబ్ ట్రైలర్ దాకా

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న లొల్లితో మొదలైంది.

ఆ మధ్య కోరుట్ల వచ్చినప్పుడు మా బాపుని సినిమాకి తీసుకెళ్లాను. ఏ సినిమా అనేది వదిలేయండి. ట్రైలర్ నేనే ఫోన్లో చూపించాను. అందులో అంగట్లో మేక బేరం చేసే సీను ఒకటి ఉంది, పదిహేను సెకన్లు ఉంటుందేమో. మా బాపు ట్రైలర్లో నవ్వింది ఆ ఒక్క సీనుకే. సరే, ఇంట్లో నలుగురం పోయినం. ఇంటర్వెల్ అయింది, మేక రాలేదు. క్లైమాక్స్ అయింది, మేక రాలేదు. బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తుంటే వెనక నుంచి ఒకటే ప్రశ్న: "గా మేక సీను ఏమైందిరా?"

"ఎడిటింగ్‌ల తీసేసి ఉంటరు బాపూ" అన్నా.

"తీసేసేదైతే మనకెందుకు చూపిచ్చిండ్రు?"

నా దగ్గర సమాధానం లేదు. బీటెక్ చేశాను, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాను, ఇప్పుడు మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నాను. అయినా ఆ ప్రశ్నకి నోట మాట రాలేదు. తర్వాత వెతికితే తెలిసింది, సరిగ్గా ఇదే ప్రశ్న మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని.

2016 ఏప్రిల్‌లో షారుక్ ఖాన్ 'ఫ్యాన్' సినిమా వచ్చింది. ప్రమోషన్లలో 'జబ్రా ఫ్యాన్' అనే పాట టీవీల్లో, యూట్యూబ్‌లో మోగిపోయింది. మహారాష్ట్ర ఔరంగాబాద్‌లో ఒక టీచరమ్మ ఆ పాట చూసి పిల్లలతో సినిమాకి వెళ్లింది. సినిమాలో పాట లేదు. ఆమె కన్జ్యూమర్ ఫోరంలో కేసు వేసింది. పాట లేదని పిల్లలు అలిగి రాత్రి అన్నం తినలేదని, దాంతో ఎసిడిటీ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చిందని ఆమె ఫిర్యాదులో రాసింది. నవ్వొస్తుంది కానీ కేసు మాత్రం సీరియస్‌గానే నడిచింది. జిల్లా ఫోరం కొట్టేసింది. రాష్ట్ర కమిషన్ ఆమె పక్షాన నిలబడి 10,000 రూపాయల పరిహారం, 5,000 ఖర్చులు ఇమ్మంది. జాతీయ కమిషన్ కూడా అదే అంది. నిర్మాతలు యశ్ రాజ్ ఫిలిమ్స్ సుప్రీంకోర్టుకి పోయారు. 2024 ఏప్రిల్ 22న తీర్పు వచ్చింది. బెంచ్‌లో ఉన్న ఇద్దరు జడ్జీల్లో ఒకరు మన తెలుగాయనే, జస్టిస్ పి.ఎస్. నరసింహ. తీర్పు సారాంశం ఇది: ట్రైలర్ అనేది జనాన్ని టికెట్ కొనేలా ప్రోత్సహించే ప్రకటన మాత్రమే. చూపించిందంతా సినిమాలో ఉంటుందని అది ఇచ్చే హామీ కాదు, ఒప్పందం అసలే కాదు. పరిహారం ఇమ్మన్న కింది ఆర్డర్లు రద్దు.

అంటే చట్టం ప్రకారం మా బాపు కేసు ఓడిపోయినట్టే. కానీ నాకు ఇంకో డౌట్ వచ్చింది. ఈ సమస్య మా బాపుకి వయసులో ఉన్నప్పుడు ఎందుకు రాలేదు? ఆయన జగిత్యాలలో, కోరుట్లలో, మేనత్త వాళ్లింటికి పోయినప్పుడు సిరిసిల్లలో కొన్ని వందల సినిమాలు చూసిన మనిషి. "అప్పుడు మమ్మల్ని ఎవడు మోసం చెయ్యకపోతుండె" అంటాడు. అప్పటి సినిమా వాళ్లు అంత నిజాయితీపరులా? అలా అయితే నేను నమ్మను. కారణం వేరే ఉంది. దానికోసం కొంచెం వెనక్కి పోదాం.

ట్రైలర్ పుట్టింది అమెరికాలో, 1913లో. మార్కస్ లో అనే ఆయనకి థియేటర్ల చైన్ ఉండేది. దానికి పబ్లిసిటీ చూసే నిల్స్ గ్రాన్‌లండ్, 'ది ప్లెజర్ సీకర్స్' అనే నాటకం రిహార్సల్స్‌ని చిన్న ఫిల్ముగా తీసి థియేటర్లో వేశాడు. గమనించండి, మొదట్లో అడ్వర్టైజ్ చేసింది సినిమాని కాదు, నాటకాన్ని. అప్పట్లో ఈ ముక్కని సినిమా అయిపోయాక వేసేవాళ్లు. వెనకాల తోకలా వచ్చేది కాబట్టి ట్రైలర్. ట్రాక్టర్ వెనక తగిలించే ట్రైలర్ అంటాం కదా, అదే మాట. తర్వాత అర్థమైంది, సినిమా అయిపోగానే జనం లేచి వెళ్లిపోతారని. దాంతో ముందుకి జరిపారు, పేరు మాత్రం పాతదే మిగిలింది. 1919లో న్యూయార్క్‌లో నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే కంపెనీ మొదలై, కొన్ని దశాబ్దాల పాటు హాలీవుడ్ స్టూడియోల ట్రైలర్లు, పోస్టర్లు చాలావరకు తానే తయారుచేసి థియేటర్లకి పంపేది.

అదే 1913లో బొంబాయిలో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' విడుదల చేశాడు. ఆయన ప్రచారం ఎలా ఉందో తెలుసా? 57,000 ఫోటోల ప్రదర్శన, బొమ్మ పొడవు రెండు మైళ్లు, ధర మూడణాలే అని. నాకు ఇది భలే నచ్చుతుంది. కథ చెప్పలేదు, ఎలివేషన్ ఇవ్వలేదు. మూడణాలకి ఎంత సరుకు వస్తుందో తూకం వేసినట్టు చెప్పాడు.

సరే, మన దగ్గరికి వద్దాం. మా బాపు తరానికి సినిమా కబురు మోసుకొచ్చింది రిక్షా. రెండు పక్కలా పోస్టర్ అతికించిన చెక్క బోర్డులు, పైన మైకు గొట్టం, లోపల బ్యాటరీ, ఒక మనిషి. "నేడే చూడండి!" అని మొదలయ్యేది. మీ అభిమాన థియేటర్లో, రోజుకి ఇన్ని ఆటలు, నటీనటుల పేర్లు, మధ్యలో పాట. వెనకాల పిల్లలు. గులాబీ రంగు, పసుపు రంగు పల్చటి కాగితాల కరపత్రాలు విసిరితే వాటికోసం కొట్టుకునేవాళ్లట. రిక్షా పోయి ఆటో వచ్చింది, మైకులో మనిషి గొంతు పోయి క్యాసెట్ వచ్చింది. చిన్నప్పుడు నేను విన్నది ఆ క్యాసెట్ గొంతే.

హాలీవుడ్‌లో డాన్ లాఫాంటేన్ అని ఒకాయన ఉండేవాడు, 2008లో చనిపోయాడు. ఐదు వేలకి పైగా ట్రైలర్లకి గొంతు ఇచ్చాడు. అంత బరువైన గొంతుతో ఒక్క వాక్యం చెప్పి హాల్లో కూర్చున్నవాణ్ని లోపలికి లాగేసేవాడు. మన రిక్షా ఆయన చేసిందీ అదే పని. కాకపోతే ఈయన ఎండలో చేశాడు, పేరు ఎవరూ రాసి పెట్టలేదు.

ఊరిని బట్టి ఈ మైకు పని కూడా మారేది. కోరుట్ల, జగిత్యాల వైపు ఆడవాళ్లు చాటలో తునికాకు పెట్టుకుని గడపల్లో కూర్చుని బీడీలు చేసేవాళ్లు. చేతులకి తీరిక ఉండదు, చెవులు ఖాళీ. మైకు వాళ్ల కోసమే వచ్చినట్టు ఉండేదని మా అవ్వ చెప్తుంది. బొమ్మ చూడనక్కర్లేదు, వింటే చాలు. సిరిసిల్ల సంగతి ఉల్టా. సాంచాలు నడుస్తుంటే పక్కన మనిషి మాటే వినబడదు, ఇంక రోడ్డు మీద మైకు ఏం వినబడుతుంది? అక్కడ గోడ మీద పోస్టరు, షిఫ్టు మారేటప్పుడు చాయ్ హోటల్లో ముచ్చట. బయటివాళ్లకి సాంచా అంటే మరమగ్గం.

ఇంకోటి, పాటల పుస్తకం. థియేటర్ దగ్గర అమ్మేవాళ్లు. నాలుగు కాగితాల పుస్తకం. మొదటి పేజీల్లో కథ ఉండేది, కథ రసపట్టులో పడగానే 'శేషం వెండితెరపై' అని ఆపేసేవాళ్లు. ఇది చదివినప్పుడు నేను నిజంగా నవ్వాను. మనం ఈరోజు టీజర్, గ్లింప్స్, ప్రీ లుక్ అని పెట్టుకున్న పేర్లన్నిటి వెనక ఉన్న ఐడియా రెండే మాటల్లో అందులో ఉంది. తర్వాత డైలాగుల రికార్డులు వచ్చాయి. 1977 నాటి 'దానవీరశూరకర్ణ' డైలాగులు పెళ్లి పందిళ్లలో కూడా మోగాయి. సినిమా చూడనివాడికి కూడా డైలాగు కంఠతా వచ్చేది. ఇక మన జిల్లాల నుంచి దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు సెలవుకి వచ్చేటప్పుడు టేప్ రికార్డర్లు తెచ్చాక ఈ క్యాసెట్ల పిచ్చి ఇంకా పెరిగింది.

ఇప్పుడు అసలు పాయింటు.

సినిమా వ్యాపారంలో మన ప్రాంతాన్ని ఇప్పటికీ నైజాం ఏరియా అనే అంటారు. రాజ్యం 1948లోనే పోయింది, డిస్ట్రిబ్యూటర్ల లెక్కల్లో మాత్రం పోలేదు. ఆ నైజాంలో మళ్లీ ఏ, బీ, సీ సెంటర్లు. ప్రింట్ అంటే రీళ్లు, డబ్బాలు, వేల రూపాయల ఖర్చు. అందుకని కొన్ని ప్రింట్లే తీసి ముందు హైదరాబాద్ లాంటి పెద్ద ఊళ్లలో ఆడించేవాళ్లు. అక్కడ ఆడీ ఆడీ, గీతలు పడి, అప్పుడు చిన్న ఊళ్లకి వచ్చేది. వారాలు పట్టేది, ఒక్కోసారి నెలలు. కోరుట్లకి బొమ్మ వచ్చేసరికి హైదరాబాద్‌లో వంద రోజుల పోస్టర్ పడిపోయిన సందర్భాలు కూడా ఉండేవి.

మనం దీన్ని వెనకబాటు అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానీ సాఫ్ట్‌వేర్ బుర్రతో చూడండి. హైదరాబాద్ వాళ్లు మనకి టెస్టింగ్ టీమ్! బగ్స్ అన్నీ వాళ్ల మీద పడేవి. సినిమా జగిత్యాలకి వచ్చేటప్పటికి పట్నంలో చదువుకునే పిల్లగాడో, బట్టల కోసం పోయి వచ్చిన షావుకారో చూసి వచ్చి ఉండేవాడు. బాగుందా లేదా అనే సంగతి సినిమా డబ్బా కంటే ముందే ఊళ్లోకి దిగేది. రిక్షా మైకు ఎంత అరిచినా అది కొత్త విషయం చెప్పట్లేదు. ఊరికి సగం తెలిసిన కబురునే గట్టిగా చెబుతోంది. జరిగినదాని గురించి చెప్పేవాడికి అబద్ధం ఆడే ఛాన్స్ తక్కువ.

దీనికి తోడు, మైకు పంపేది ఎవరు? లోకల్ థియేటర్ వాళ్లు. వచ్చే వారం మళ్లీ అదే జనం, అదే టికెట్ కిటికీ. ఈ వారం ముంచితే వచ్చే వారం బజార్లో మొహం చూపించాలి. వాళ్ల మంచితనం గురించి కాదు నేను చెప్పేది. ఊరు చిన్నది, అంతే.

2005 తర్వాత ఈ లెక్క మారడం మొదలైంది. క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ సిస్టమ్స్ వచ్చాయి. డబ్బాలు పోయాయి. శాటిలైట్లోనో హార్డ్ డిస్క్‌లోనో సినిమా వస్తుంది. హైదరాబాద్‌లో పడే మొదటి ఆట కోరుట్లలోనూ అదే పొద్దున పడుతుంది. మనకి ఇది గొప్ప సంతోషం, నిజంగా. గీతలు లేని బొమ్మ, మొదటి రోజు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ దాంతో మన టెస్టింగ్ టీమ్ పోయింది. చూసి వచ్చి చెప్పేవాడు లేడు, ఎందుకంటే ఎవ్వడూ చూడలేదు. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది ట్రైలర్. అంతకుముందు కబురు చెప్పిన పబ్లిసిటీ ఇప్పుడు జోస్యం చెబుతోంది.

డబ్బు కూడా ముందుకి జరిగిపోయింది. వంద రోజులు కాదు, మొదటి మూడు రోజులు. 'పుష్ప 2' చూడండి. ట్రైలర్ 2024 నవంబర్ 17న పాట్నా గాంధీ మైదాన్‌లో రిలీజ్ చేశారు. తెలుగు సినిమా ట్రైలర్, బీహార్‌లో, మైదానం నిండా జనం. డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్‌కి తెలంగాణ ప్రభుత్వం టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఆ రాత్రి టికెట్ కొన్నవాడు దేన్ని చూసి కొన్నాడు? హీరో మీద అభిమానం, మొదటి పార్ట్ మీద నమ్మకం, ఆ ట్రైలర్. వేరే సమాచారం అతనికి దొరికే అవకాశమే లేదు. ఆ సినిమా ఆడింది, సంతోషం. ఆడని సినిమాలకి కూడా జనం మొదటి రోజు ఇలాగే కొంటారు కదా.

ఇక్కడ వ్యూస్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది నా ఫీల్డు. ట్రైలర్ వచ్చిన 24 గంటల్లో ఇన్ని కోట్ల వ్యూస్ అని పోస్టర్ వేస్తారు, చూశారా? మీరు పాటలు వింటుంటే మధ్యలో స్కిప్ బటన్‌తో యాడ్ వస్తుంది. చాలాసార్లు ఆ యాడే ట్రైలర్. చేతులు ఖాళీ లేక ముప్పై సెకన్లు వదిలేశారంటే మీరూ ఒక వ్యూ. 2019లో బాద్‌షా 'పాగల్' పాట ఒక్క రోజులో ఏడున్నర కోట్ల వ్యూస్ అని ప్రకటించాక, అందులో యాడ్స్ ద్వారా వచ్చినవి ఎన్ని అని పెద్ద గొడవైంది. ఆ సెప్టెంబర్‌లో యూట్యూబ్ తన మ్యూజిక్ చార్టుల్లో, 24 గంటల రికార్డుల్లో యాడ్ వ్యూస్‌ని లెక్కించబోమని చెప్పింది. కానీ వీడియో కింద కనబడే నంబర్లో అవి ఉంటూనే ఉంటాయి. రిక్షా వెనక ఎంతమంది పిల్లలు ఉరికారు అనేది కళ్లకి కనబడేది. ఇది కనబడదు.

అలాగని ట్రైలర్లన్నీ మోసం అని నేను అనట్లేదు. మన తెలుగులో ట్రైలర్ని దాటి ఆలోచించిన ఒక సందర్భం ఉంది. 2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. కట్టప్ప కత్తి దింపడంతో అయిపోయింది. ఎందుకు చంపాడు? రెండో భాగం వచ్చింది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో ఇరవై ఒక్క నెలలు. ఆ ఇరవై ఒక్క నెలలు చిన్నపిల్లల నుంచి రాజకీయ నాయకుల దాకా అందరూ అదే ప్రశ్న అడిగారు. అంటే మొదటి సినిమా మొత్తం రెండోదానికి ట్రైలర్ అయిపోయింది. దానికి మనమే టికెట్ కొన్నాం! పాటల పుస్తకంలోని 'శేషం వెండితెరపై' ఇంత పెద్దగా ఇంకెక్కడా పని చేయలేదు. 2017 మార్చి 16న రెండో భాగం ట్రైలర్ని మన థియేటర్లలో తెర మీద కూడా వేశారు. హాలీవుడ్‌లో 1998 నవంబర్‌లో 'స్టార్ వార్స్' కొత్త ట్రైలర్ కోసం జనం వేరే సినిమాకి టికెట్ కొని, ట్రైలర్ అవగానే లేచి వెళ్లిపోయారు. అలాంటి పిచ్చే ఇది. అయితే ఒక్కటి గమనించండి, బాహుబలి ట్రైలర్ జవాబు చెప్పలేదు. ప్రశ్న అడిగింది, జవాబు సినిమాలో నిజంగా ఉంది. మేకని చూపించి మేకని ఇచ్చారు.

ఇప్పుడు సిరిసిల్లకి వద్దాం, ఎందుకంటే ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క అక్కడే ఉంది. 2023 మార్చి 3న 'బలగం' వచ్చింది. డైరెక్టర్ వేణు యెల్దండి సిరిసిల్ల మనిషి. అప్పటిదాకా మనకి కమెడియన్‌గా తెలుసు. ముసలాయన చనిపోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు. కథ ఇంతే. దీనికి పెద్ద హీరో లేడు, ఎలివేషన్ లేదు. ప్రచారం చేయలేదని కాదు. ట్రైలర్ ఉంది, కాసర్ల శ్యామ్ రాసిన 'ఊరు పల్లెటూరు' పాట ముందే వదిలారు, ప్రీ రిలీజ్ ఫంక్షన్ సిరిసిల్లలోనే పెట్టారు. కానీ ఆ సినిమాని లేపింది ఇవేవీ కావు. చూసి వచ్చినవాళ్లు. మొదటి వారం కంటే తర్వాత వారాల్లో దాని గురించి ముచ్చట ఎక్కువైంది. మార్చి 24న ప్రైమ్ వీడియోలో వచ్చేసింది. అప్పుడు ఇంకో విచిత్రం జరిగింది. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి, ఊరంతా కూర్చుని చూడటం మొదలుపెట్టారు. ఫోన్లో ఉన్న సినిమాని బయటికి తీసుకొచ్చి డేరా టాకీసు చేసేశారు. చట్టప్రకారం అది తప్పే. నిర్మాతల తరఫు వాళ్లు నిజామాబాద్ పోలీసులకి ఫిర్యాదు కూడా చేశారు. వాళ్ల డబ్బు అది, అడిగే హక్కు వాళ్లకుంది. కానీ ఆ ఊళ్లలో ఏం జరిగిందో చూడండి: ఒక ఊరి వాళ్లు చూసి ఏడ్చారని పక్క ఊరి వాళ్లు తెర కట్టారు. పాత రిక్షా రోజుల్లోలాగే సినిమా కంటే ముందు కబురు నడిచింది. ఆ కబురు చెప్పింది చూసినవాడు, అమ్మేవాడు కాదు.

మా బాపు 'బలగం' ట్రైలర్ చూడలేదు. మా గల్లీలో ఒక పెద్దమ్మ చూసి వచ్చి, మూడు రోజులు అన్నతో మాట్లాడని తన తమ్ముడికి ఫోన్ కలిపిందట. ఆ సంగతి మా అవ్వకి తెలిసింది, అవ్వ బాపుకి చెప్పింది, ఇద్దరూ థియేటర్‌కి పోయారు. నాకు చెప్పనే లేదు.

మొన్న ఈ ఎపిసోడ్ కోసం బాపుకి సుప్రీంకోర్టు తీర్పు చదివి వినిపించాను. మొత్తం విన్నాడు. "గట్లనా? మంచిది. అయితే ఇగ ముందుగాల నువ్వు పోయి చూసి రా, మేక ఉంటే ఫోన్ చెయ్యి, మేం వస్తం" అన్నాడు.

మీ ఇంట్లో పాత పాటల పుస్తకాలు గానీ, సినిమా కరపత్రాలు గానీ, రిక్షా మైకు క్యాసెట్లు గానీ ఉంటే పాత సామాన్ల బండికి వెయ్యకండి. ఫోటో తీసి పంపండి, ఏ ఊరు, ఏ థియేటర్ అనేది రాయండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మైకు పట్టుకుని తిరిగిన పెద్దమనుషులు ఎవరైనా ఉంటే చెప్పండి, కెమెరా తీసుకుని వాళ్ల ఇంటికే వస్తాను. ఉంటా మరి.